ఎవరి మనసుతో కొలవాలి? ఇంగ్లండ్ చట్టంలో నేరబాధ్యత తేలే తీరు

బ్రిటన్ కోర్టు వార్తలు చదివేటప్పుడు మనలో చాలామందికి ఒకచోట మింగుడుపడదు. మనిషి చనిపోయాడు, కొట్టిందెవరో తెలుసు, కొట్టినవాడూ ఒప్పుకున్నాడు. అయినా జ్యూరీ అది హత్య కాదంది, అంతకన్నా తక్కువ స్థాయి నరహత్య అయిన మ్యాన్‌స్లాటర్ అని తేల్చింది. ఇంకో కేసులో కత్తి ముట్టుకోని కుర్రాడు హత్యానేరం కింద యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్నాడు. మరోచోట, తన దగ్గరున్న వస్తువు ఏమిటో తెలియదని నిందితుడు ఎంత మొత్తుకున్నా కోర్టు వినలేదు. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే అక్కడి చట్టానికి ఒక పద్ధతంటూ ఉందా అనిపిస్తుంది.

ఉంది. ఏ నేరానికైనా ఇంగ్లండ్ చట్టం రెండు సంగతులు విడివిడిగా చూస్తుంది. నిందితుడు చేసిందేమిటి? చేసేటప్పుడు అతని మనసులో ఉన్నదేమిటి? మొదటిదాన్ని లాటిన్‌లో యాక్టస్ రియస్ అంటారు, రెండోదాన్ని మెన్స్ రియా అంటారు. సాధారణంగా రెండూ ఒకే సమయంలో కలిస్తేనే నేరం. కలిసినా, చట్టం ఒప్పుకునే కారణం ఏదైనా ఉంటే శిక్ష ఉండదు, లేదా తగ్గుతుంది. ఇంతవరకు లా కాలేజీలో మొదటి వారం చెప్పే పాఠమే. అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. మనసు చూడాలి సరే, ఎవరి మనసు? ఆ క్షణంలో అక్కడున్న ఆ ఫలానా మనిషిదా? అతని స్థానంలో తెలివిగా, నిదానంగా ఆలోచించే సగటు మనిషి ఉంటే అతనికి తట్టేదా? ఇంగ్లిష్ న్యాయమూర్తులు తరాల తరబడి ఎటూ తేల్చుకోలేక వాదించుకుంటున్నది ప్రధానంగా ఈ ప్రశ్న గురించేనని నా అభిప్రాయం. హైదరాబాద్‌లోనో విశాఖలోనో లా చదువుతూ కేసుల పేర్లు బట్టీపట్టేవాళ్లకైనా, పిల్లల్ని చదువుకు లండన్, లెస్టర్ పంపినవాళ్లకైనా ఈ ఒక్క ప్రశ్న పట్టుబడితే మిగతా ముడులు చాలావరకు విడిపోతాయి.

## ముందు హద్దులు తెలుసుకోవాలి

ఇక్కడ ఇంగ్లండ్ చట్టం అంటే ఇంగ్లండ్, వేల్స్ రెండింటికీ కలిపి వర్తించే చట్టం. స్కాట్లాండ్‌కు వేరే క్రిమినల్ చట్టం, వేరే కోర్టులు ఉన్నాయి. ఉత్తర ఐర్లాండ్ న్యాయవ్యవస్థా వేరే.

భారతదేశానికి 1860లోనే శిక్షాస్మృతి రాసిచ్చిన బ్రిటిష్ పాలకులు తమ సొంత దేశానికి మాత్రం అలాంటి ఏకైక స్మృతి ఇప్పటికీ రాసుకోలేదు. మన స్మృతి స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఇంగ్లండ్‌లో దొంగతనానికి 1968 నాటి చట్టం ఉంది, ఆస్తి ధ్వంసానికి 1971 నాటి చట్టం ఉంది. హత్య అంటే ఏమిటో నిర్వచించే పార్లమెంటు చట్టం మాత్రం లేదు. ఆ నిర్వచనం శతాబ్దాల తీర్పుల్లోంచి పోగుపడింది. అందుకే అక్కడి నేరబాధ్యత తెలుసుకోవాలంటే సెక్షన్ల కన్నా ముందు కేసులే చదవాలి.

## నిరూపించే భారం ఎవరిది?

1934 డిసెంబరులో డోర్సెట్ ప్రాంతానికి చెందిన రెజినాల్డ్ వూల్మింగ్టన్ అనే 21 ఏళ్ల పొలం కూలీ, తనను వదిలి పుట్టింటికి వెళ్లిపోయిన భార్య దగ్గరికి తుపాకీతో వెళ్లాడు. తిరిగి రాకపోతే కాల్చుకుని చస్తానని బెదిరించడానికే తెచ్చానని, చూపించబోతే పేలిందని అతను చెప్పాడు. ఆమె చనిపోయింది. మొదటి విచారణలో జ్యూరీ ఏ నిర్ణయానికీ రాలేకపోయింది. రెండో విచారణలో జడ్జి జ్యూరీకి ఒక మాట చెప్పారు. ఆమె చనిపోయింది అతని చేతుల్లోనే అని రుజువైంది కాబట్టి, అది ప్రమాదమని చూపించుకోవాల్సింది అతనే అన్నారు. మరణశిక్ష పడింది.

1935లో హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పట్లో అక్కడి అత్యున్నత కోర్టు) ఆ శిక్షను కొట్టేసింది. నేరం రుజువు చేయాల్సిన బాధ్యత ప్రాసిక్యూషన్‌దేననీ, ఇంగ్లిష్ క్రిమినల్ చట్టమంతటా అల్లుకుని ఉన్న బంగారు దారం అదేననీ లార్డ్ సాంకీ తీర్పులో రాశారు. దీని అసలు అర్థం చాలామంది అనుకునేదానికన్నా బలమైనది. వూల్మింగ్టన్ కథ నిజమని జ్యూరీ నమ్మనక్కర్లేదు. నిజమయ్యే అవకాశం ఉందని సహేతుకమైన సందేహం మిగిలితే చాలు, అతన్ని వదిలేయాలి.

ఇక్కడ మన చట్టానికీ అక్కడి చట్టానికీ తేడా ఉంది. మన దగ్గర ఆత్మరక్షణ లాంటి మినహాయింపు తనకు వర్తిస్తుందని చూపాల్సిన భారం 1872 నాటి సాక్ష్య చట్టం నుంచీ నిందితుడి మీదే ఉంది. ఇంగ్లండ్‌లో నిందితుడు ఆత్మరక్షణ మాట ఎత్తి, దానికి కొంత ఆధారం చూపితే, అది ఆత్మరక్షణ కాదని నిస్సందేహంగా రుజువు చేయాల్సింది ప్రాసిక్యూషనే. మతిస్థిమితం లేదన్న వాదన లాంటి కొన్నిటికి మాత్రం భారం నిందితుడి మీదికి మారుతుంది.

## చేయడం, చేయకుండా ఊరుకోవడం

మొదటి భాగం, అంటే చేసిన పని, పైకి తేలిగ్గా కనిపిస్తుంది. కొట్టడం, దొంగిలించడం, తగలబెట్టడం. అది నిందితుడు తన ఇష్టపూర్వకంగా కదిలి చేసిందై ఉండాలి. మూర్ఛలో చేయి విసిరితే అది కొట్టడం కిందికి రాదు.

చేయకుండా ఊరుకోవడం దగ్గరే కష్టం. మోకాలి లోతు నీళ్లున్న చెరువులో పసిపిల్ల మునిగిపోతోంది. గట్టు మీద ముగ్గురున్నారు. ఒకరు ఆ దారిన పోతున్న అపరిచితుడు, ఒకరు ఆ బిడ్డ తండ్రి, ఒకరు ఆ చెరువు దగ్గర జీతానికి కాపలా ఉన్న మనిషి. ముగ్గురూ చేతులు కట్టుకుని చూశారు, బిడ్డ చనిపోయింది. ఇంగ్లండ్ చట్టం ప్రకారం తండ్రి, కాపలాదారు నేరస్థులు కావచ్చు. అపరిచితుడు ఏ నేరమూ చేయలేదు. కాపాడాల్సిన విధి ఉన్నవాడికే ఊరుకోవడం నేరం. ఆ విధి రక్తసంబంధం వల్ల రావచ్చు, ఉద్యోగం వల్ల రావచ్చు, ఒకరి సంరక్షణ తలకెత్తుకున్నందువల్ల రావచ్చు. 1902లో పిట్‌వుడ్ అనే రైల్వే గేటు కాపలాదారు గేటు వేయకుండా భోజనానికి వెళ్లాడు. పట్టాలు దాటుతున్న గడ్డిబండిని రైలు ఢీకొట్టి మనిషి చనిపోయాడు. గేటు వేయకపోవడమే అతన్ని మ్యాన్‌స్లాటర్ దోషిని చేసింది.

విధి మరో దారిలోనూ వస్తుంది. 1980లో మిల్లర్ అనే ఇల్లులేని వ్యక్తి, ఖాళీగా ఉన్న ఇంట్లో సిగరెట్ వెలిగించుకుని పరుపు మీద నిద్రపోయాడు. మెలకువ వచ్చేసరికి పరుపు రగులుతోంది. లేచి పక్క గదిలోకి వెళ్లి మళ్లీ పడుకున్నాడు. నిప్పంటుకున్నప్పుడు అతను నిద్రలో ఉన్నాడు కాబట్టి మనసు లేదు. మనసు మేల్కొన్నాక అతను చేసిన పనేమీ లేదు. అయినా 1983లో హౌస్ ఆఫ్ లార్డ్స్ శిక్షను ఖాయం చేసింది. ప్రమాదాన్ని సృష్టించింది నువ్వే అయినప్పుడు, అది తెలిశాక ఆపడానికి చేతనైనంత చేయాల్సిన బాధ్యత నీదే అన్నది అక్కడ పుట్టిన సూత్రం.

అపరిచితుణ్ని వదిలేయడం చాలామందికి మనసొప్పదు. ఫ్రాన్స్‌లో, తనకు ముప్పు లేకుండా సాయం చేయగలిగి కూడా చేయకపోవడం నేరమే. ఇంగ్లిష్ పద్ధతిని సమర్థించేవాళ్లు చెప్పేది వేరు. మంచితనం నేర్పడం శిక్షాచట్టం పని కాదని, వందమంది చూస్తూ నిలబడితే ఎవరిని పట్టుకుంటామని, ఎంత సాయం చేస్తే చాలో ఎవరు గీత గీస్తారని వారి ప్రశ్న. ఆ ప్రశ్నల్లో బలం ఉందని ఒప్పుకుంటాను. చెరువు గట్టున నిలబడ్డ ఆ ఒక్కడి విషయంలో మాత్రం అవి నన్ను ఒప్పించలేవు.

## దెబ్బకీ చావుకీ మధ్య లంకె

ఫలితం కూడా భాగమైన నేరాల్లో, ఆ ఫలితానికి కారణం నిందితుడేనని చూపాలి. 1910 నాటి వైట్ కేసులో కొడుకు తల్లిని చంపాలని పానీయంలో సైనైడ్ కలిపాడు. ఆమె అది ప్రభావం చూపకముందే గుండె ఆగి చనిపోయింది. చంపాలనుకున్నాడు, ఆమె చనిపోయింది, కానీ ఆమె చావుకు అతను కారణం కాదు. కాబట్టి హత్యాయత్నం మాత్రమే.

దీనికి ఎదురుగా 1975 నాటి బ్లావ్ కేసు ఉంది. కత్తిపోటు తిన్న 18 ఏళ్ల యువతి యెహోవా సాక్షుల మతానికి చెందినది. రక్తం ఎక్కిస్తేనే బతుకుతుందని డాక్టర్లు చెప్పినా తన విశ్వాసం ఒప్పుకోదని నిరాకరించి చనిపోయింది. ఆ నిరాకరణ అసమంజసం కాబట్టి చావుకు తాను బాధ్యుణ్ని కాదని నిందితుడు వాదించాడు. కోర్టు వినలేదు. బాధితుడు ఎలా ఉంటే అలాగే స్వీకరించాలి, పెళుసు పుర్రె ఉన్నా, బలమైన విశ్వాసం ఉన్నా సరే అంది. బాధితురాలి మతం నిందితుడి శిక్షను నిర్ణయించడం సరికాదనే విమర్శ ఉంది. పొడిచినవాడికి పొడిపించుకున్న మనిషి నమ్మకాలను ఎంచే హక్కు లేదన్న సమాధానమే నాకు న్యాయంగా తోస్తుంది. ఇక, పెద్దవాడైన మనిషి తెలిసి, స్వేచ్ఛగా చేసిన పని ఆ లంకెను తెంచేస్తుంది. 2007 నాటి కెనడీ కేసులో హెరాయిన్ సిరంజి అందించినవాడు, దాన్ని తానే గుచ్చుకుని చనిపోయినవాడి చావుకు దోషి కాదని తేల్చారు.

## ఉద్దేశం అంటే కోరిక ఒక్కటే కాదు

హత్యకు కావలసిన మనసు ఏమిటి? చంపాలన్న ఉద్దేశం, లేదా తీవ్రంగా గాయపరచాలన్న ఉద్దేశం. ఈ రెండోది చాలామందికి కొత్తగా వినిపిస్తుంది. కాళ్లు విరగ్గొడదామని మాత్రమే అనుకుని కొట్టినా, మనిషి చనిపోతే ఇంగ్లండ్‌లో అది పూర్తి హత్యే. శిక్ష యావజ్జీవమే, జడ్జికి వేరే దారి లేదు. అందులో కనీసం ఎన్నేళ్లు జైల్లో ఉండాలో మాత్రమే జడ్జి నిర్ణయిస్తారు.

ఉద్దేశం వేరు, ప్రేరణ వేరు. బాధపడుతున్న తండ్రికి విముక్తి కలిగించాలని ప్రేమతో ప్రాణం తీసినా చంపే ఉద్దేశం ఉన్నట్టే. ప్రేమ నేరాన్ని మార్చదు.

ఇక కోరుకోకపోయినా తప్పక జరుగుతుందని తెలిసిన ఫలితం సంగతి. ఒక వ్యాపారి బీమా డబ్బు కోసం తన గోడౌన్‌కు నిప్పు పెట్టాడు. లోపల కాపలాదారు నిద్రపోతున్నాడని, బయట తాళం పడి ఉందని అతనికి తెలుసు. కాపలాదారు మీద అతనికి పగ లేదు, ఎలాగో బతికి బయటపడితే సంతోషించేవాడే. మరి ఇది హత్యా? 1998 నాటి వుల్లిన్ తీర్పు దీనికి కొలత ఇచ్చింది. చావుగానీ తీవ్ర గాయంగానీ దాదాపు ఖాయమై ఉండాలి, అది దాదాపు ఖాయమని నిందితుడికే తెలిసి ఉండాలి. రెండూ ఉన్నాయని నిశ్చయమైతే జ్యూరీ ఉద్దేశం ఉందని తేల్చవచ్చు. మన వ్యాపారి ఆ కొలతలో పడతాడు.

వుల్లిన్ మూడు నెలల కొడుకును కోపంలో విసిరేసిన తండ్రి. బిడ్డ తల పగిలి చనిపోయాడు. గణనీయమైన ముప్పు ఉందని తెలిస్తే చాలన్నట్టు కింది కోర్టు జడ్జి జ్యూరీకి చెప్పడంతో హత్యానేరం పడింది. హౌస్ ఆఫ్ లార్డ్స్ దాన్ని మ్యాన్‌స్లాటర్‌గా మార్చింది. బిడ్డను తలచుకుంటే ఈ తీర్పు కటువుగా అనిపిస్తుంది. కానీ ముప్పు ఉందని తెలియడమే ఉద్దేశమైతే, వేగంగా కారు నడిపి ప్రాణం తీసిన ప్రతివాడూ హంతకుడే అవుతాడు. హత్యకూ అంతకన్నా తక్కువ నేరానికీ మధ్య గోడ నిలబడాలంటే ఈ గట్టిదనం కావాలి.

గమనించండి, ఇక్కడ కొలత పూర్తిగా నిందితుడి సొంత మనసు. సగటు మనిషికి ఏం తెలిసేదన్నది లెక్కలో లేదు.

## ఒకే మెట్లు, నాలుగు ఫలితాలు

రవి, కిరణ్ ఒకే ఇంట్లో అద్దెకుంటున్నారనుకుందాం. కిరణ్ మెట్ల మీద నుంచి పడి, తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. కారణం రవి.

చంపాలనో, బాగా దెబ్బతీయాలనో రవి తోశాడా? అయితే హత్య. వాదనలో విసుగొచ్చి, పక్కకు పో అన్నట్టు భుజం మీద ఒక్క తోపు తోశాడా? చంపే ఆలోచన లేదు, గాయపరిచే ఆలోచనా లేదు. అయినా తోయడం దాడి, దాడి చట్టవిరుద్ధం. అలాంటి తోపు వల్ల ఎంతోకొంత దెబ్బ తగలవచ్చని నిదానంగా ఆలోచించే ఏ మనిషికైనా తోచేదైతే అది మ్యాన్‌స్లాటర్. రవికి తోచిందా లేదా అన్నది ఇక్కడ అడగరు. వార్తల్లో వచ్చే ఒక్క గుద్దుకు ప్రాణం పోయిన కేసులు ఎక్కువగా ఈ గదిలోకే వస్తాయి. శిక్ష జడ్జి చేతిలో ఉంటుంది. గరిష్ఠం యావజ్జీవం, కనిష్ఠం చట్టంలో లేదు. రవి కాలుజారి కిరణ్ మీద పడ్డాడా? నేరమే లేదు. రవి మెట్ల మీద సామాను వదిలేస్తే కిరణ్ తట్టుకుని పడ్డాడా? అది మామూలు అజాగ్రత్త. సివిల్ కోర్టులో పరిహారం అడగొచ్చేమో గానీ జైలు ఉండదు.

అజాగ్రత్త చాలా ఘోరమైనదై, సంరక్షణ బాధ్యత ఉన్న మనిషి నుంచి వచ్చినదైతే మాత్రం మళ్లీ మ్యాన్‌స్లాటర్ గుమ్మం తెరుచుకుంటుంది. 1994 నాటి అడొమాకో కేసులో కంటి ఆపరేషన్ జరుగుతుండగా రోగికి ఆక్సిజన్ అందించే గొట్టం ఊడిపోయింది. మత్తు డాక్టర్ నిమిషాల తరబడి గుర్తించలేదు. గుర్తించలేదు అంటే అతని మనసులో చెడు ఏమీ లేదనే. అయినా ఆ స్థాయి వైఫల్యం నేరమేనని తేల్చారు. బ్రిటన్ ఆస్పత్రుల్లో పనిచేసే మన డాక్టర్లు ఈ కేసు పేరు వినే ఉంటారు. ఇంత అస్పష్టమైన కొలతతో వైద్యుల్ని క్రిమినల్ కోర్టుకు లాగితే తప్పులు దాచుకునే వాతావరణం పెరుగుతుందని వైద్యులు భయపడతారు. ఆ స్థాయి నిర్లక్ష్యాన్ని పరిహారంతో సరిపెట్టడం ప్రాణానికి విలువ తగ్గించడమేనని బాధిత కుటుంబాలు అంటాయి. రెండు మాటల్లోనూ నిజం ఉంది.

## పదకొండేళ్ల పిల్లవాడికి ఏం తెలిసి ఉండాలి?

ఎవరి మనసు అన్న ప్రశ్న పూర్తిగా బయటపడింది రెక్‌లెస్‌నెస్ దగ్గర. ముప్పు ఉందని తెలిసీ, సరైన కారణం లేకుండా లెక్కచేయకపోవడం రెక్‌లెస్‌నెస్. 1957లో కనింగ్‌హామ్ అనే వ్యక్తి డబ్బు కోసం గ్యాస్ మీటరును గోడ నుంచి పీకేశాడు. కారిన గ్యాస్ పక్కింట్లో నిద్రిస్తున్న ఆవిడకు ప్రాణాపాయం తెచ్చింది. అప్పీల్ కోర్టు అడిగింది ఒక్కటే. అలాంటి హాని జరగవచ్చని అతనికి తోచిందా? దుష్టుడైతే చాలదు, ముప్పు అతని కంటికి ఆనాలి.

1981లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దారి మార్చింది. కాల్డ్‌వెల్ తాగి, పగతో ఒక హోటల్‌కు నిప్పు పెట్టాడు. లోపల మనుషులున్నారన్న ఆలోచనే తనకు రాలేదన్నాడు. సగటు మనిషికి స్పష్టంగా కనిపించే ముప్పు గురించి అసలు ఆలోచించకపోవడం కూడా రెక్‌లెస్‌నెసేనని లార్డ్ డిప్లాక్ తీర్పు ఇచ్చారు. తాగినవాడి విషయంలో ఇది సబబుగానే కనిపించింది. దాని అసలు బరువు రెండేళ్లకు ఒక 14 ఏళ్ల అమ్మాయి మీద పడింది. మందబుద్ధి గల ఆ పిల్ల రాత్రంతా నిద్రలేక తిరిగి ఒక షెడ్డులో దూరి, అక్కడ దొరికిన ద్రవాన్ని నేలమీద పోసి నిప్పంటించింది. తన వయసుకీ బుద్ధికీ ఆ ముప్పు తట్టేది కాదని మేజిస్ట్రేట్లు గుర్తించి వదిలేశారు. పై కోర్టు, ఇష్టం లేకుండానే, ఆమె దోషే అనాల్సి వచ్చింది. కొలత సగటు పెద్దమనిషిది కాబట్టి.

2000 ఆగస్టులో న్యూపోర్ట్ పాగ్నెల్ అనే ఊళ్లో 11, 12 ఏళ్ల పిల్లలిద్దరు ఇంట్లో చెప్పకుండా ఆరుబయట పడుకోవడానికి వెళ్లారు. ఒక దుకాణం వెనక దొరికిన పేపర్ల కట్టలు వెలిగించి, చెత్తడబ్బా కింద పడేసి వెళ్లిపోయారు. సిమెంటు నేల మీద అవే ఆరిపోతాయనుకున్నారు. డబ్బా అంటుకుంది, అక్కడి నుంచి చూరుకు, చూరు నుంచి కప్పుకు మంట పాకింది. నష్టం సుమారు పది లక్షల పౌండ్లు. ఇది న్యాయంగా లేదన్న ఇబ్బంది విచారణ జడ్జికీ ఉంది, జ్యూరీకీ ఉంది. అయినా కాల్డ్‌వెల్ ప్రకారం దోషులనక తప్పలేదు. 2003లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తన 22 ఏళ్ల నాటి తీర్పును తానే తోసిపుచ్చింది. లార్డ్ బింగమ్ చెప్పిన ప్రధాన కారణం సూటిగా ఉంది. ముప్పు తట్టకపోవడం తెలివితక్కువతనం కావచ్చు, ఊహ చాలకపోవడం కావచ్చు, కానీ దానికి నేరస్థుడనే ముద్ర వేయలేం. పిల్లలిద్దరి శిక్షా రద్దయింది.

ఈ తీర్పు అందరికీ నచ్చలేదు. బుర్ర పెట్టి ఆలోచించేవాడికి ముప్పు తెలుస్తుంది కాబట్టి అతను దొరుకుతాడు, ఎదుటివాడి ప్రాణం గురించి ఆలోచించే తీరికే లేని అహంకారి తప్పించుకుంటాడు కదా అని విమర్శకులు అడుగుతారు. ఇది తేలిగ్గా కొట్టేయదగ్గ వాదన కాదు. అయితే కాల్డ్‌వెల్ పద్ధతిలో ఆ అహంకారితో పాటు ఆ అమ్మాయీ, ఈ పిల్లలూ ఒకే వలలో పడ్డారు. వారిని విడదీయలేని కొలత కన్నా, అహంకారిని ఒకోసారి వదిలేసే కొలతే మేలని నేను అనుకుంటాను.

వయసు ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. ఇంగ్లండ్‌లో నేరబాధ్యత పదేళ్లకే మొదలవుతుంది. 10 నుంచి 14 ఏళ్ల మధ్య పిల్లలకు తప్పొప్పులు తెలియవని ముందుగా భావించే పాత సూత్రాన్ని 1998లో తీసేశారు. మన చట్టంలో ఏడేళ్ల లోపు పిల్లలకు బాధ్యతే లేదు. ఏడు నుంచి పన్నెండు లోపు పిల్లవాడికి తన పని తీరు, ఫలితం తెలిసేంత పరిణతి ఉందా అని ఇప్పటికీ చూస్తారు.

## మనసుతో పని లేని నేరాలు

ఇంకోవైపు, మనసును దాదాపు అడగని నేరాలున్నాయి. వీటిని స్ట్రిక్ట్ లయబిలిటీ నేరాలంటారు. ఆహార కల్తీ, కాలుష్యం, మందుల అమ్మకం, రోడ్డు రవాణా లాంటివి. 1986 నాటి ఒక కేసులో మందుల షాపు ఫోర్జరీ ప్రిస్క్రిప్షన్లను నిజమైనవేనని నమ్మి మందులిచ్చింది. మోసపోయింది షాపే అయినా దోషిగా తేలింది.

బ్రిటన్ వెళ్లే మన విద్యార్థులకు ఇది నేరుగా తగిలే విషయం. ఇక్కడ అమ్మాయిలు భద్రత కోసం సంచిలో పెట్టుకునే పెప్పర్ స్ప్రే మామూలుగా దొరుకుతుంది. అక్కడ 1968 నాటి ఫైర్‌ఆర్మ్స్ చట్టం ప్రకారం అది నిషిద్ధ ఆయుధం, దగ్గర ఉంచుకోవడమే నేరం. నిషేధం ఉందని తెలియదంటే పనికిరాదు. తన దగ్గర ఏదో వస్తువు ఉందని తెలిస్తే చాలు, అది నిషిద్ధమైనదని తెలియాల్సిన పని కూడా లేదని ఇలాంటి ఆయుధాల కేసుల్లో కోర్టులు చెప్పాయి. టార్చిలైటు అనుకుని కరెంటు షాక్ ఇచ్చే స్టన్ గన్ పెట్టుకున్న ఇద్దరికి 2007లో అప్పీల్ కోర్టులో ఊరట దొరకలేదు. అలాగే స్నేహితుడి కారుకు తన పేరుతో ఇన్సూరెన్స్ ఉందని నమ్మి నడిపినా, లేకపోతే నేరమే. లైసెన్సు మీద 6 నుంచి 8 పెనాల్టీ పాయింట్లు పడతాయి.

అలాగని మనసును ఎక్కడపడితే అక్కడ పక్కనపెట్టడానికి కోర్టులు ఒప్పుకోవు. అద్దెకిచ్చిన పొలం ఇంట్లో కుర్రాళ్లు గంజాయి తాగినందుకు, ఏమీ తెలియని టీచర్ స్టెఫనీ స్వీట్‌ను దోషిని చేశారు. 1969లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ శిక్ష కొట్టేస్తూ, చట్టంలో మనసు ప్రస్తావన లేకపోయినా నిజమైన నేరాల్లో అది అవసరమేనని ముందుగా భావించాలంది. ప్రజారోగ్యం, భద్రతల కోసం కఠినత్వం తప్పదని ఒక పక్షం, తప్పు లేనివాడికి నేరస్థుడి ముద్ర వేస్తే ఆ ముద్రకే విలువ పోతుందని ఇంకో పక్షం.

## పొడిచింది ఒకడు, పక్కనున్నవాడి సంగతి?

గుంపుగా వెళ్లినప్పుడు నేరానికి ప్రోత్సహించినవాడు, సాయపడినవాడు కూడా చేసినవాడితో సమానంగా దోషే. ఇది ఎప్పటినుంచో ఉన్నదే. 1984లో హాంకాంగ్ నుంచి వచ్చిన ఒక అప్పీలులో ప్రీవీ కౌన్సిల్ (వలస ప్రాంతాల అప్పీళ్లు వినే లండన్ కోర్టు) దీన్ని ఇంకా ముందుకు లాగింది. ఇద్దరు కలిసి ఒక నేరానికి వెళ్లారు, వారిలో ఒకడు హత్య చేశాడు. అతను అలా చేయవచ్చని రెండోవాడు ఊహించి ఉంటే చాలు, రెండోవాడూ హంతకుడే. వింత ఎక్కడుందంటే, పొడిచినవాడికి ఉద్దేశం రుజువు కావాలి, పక్కనున్నవాడికి ఊహ చాలు. ముప్పై ఏళ్లపాటు ఎందరో యువకులు ఈ సూత్రం కింద యావజ్జీవానికి వెళ్లారు. నల్లజాతి యువకుల మీద దీని దెబ్బ ఎక్కువగా పడిందని ప్రచార సంఘాలు చెబుతూ వచ్చాయి.

2016 ఫిబ్రవరిలో జోగీ కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు (హౌస్ ఆఫ్ లార్డ్స్ స్థానంలో వచ్చిన కోర్టు), చట్టం 1984లో తప్పుదారి పట్టిందని ఒప్పుకుంది. ఊహించడం ఉద్దేశానికి సాక్ష్యం కావచ్చు గానీ ఉద్దేశానికి బదులు కాలేదంది. జోగీ మీద మళ్లీ విచారణ జరిగి మ్యాన్‌స్లాటర్ తేలింది. కానీ పాత సూత్రం కింద అప్పటికే జైల్లో ఉన్నవాళ్లలో గడువు దాటాక అప్పీలు చేసుకునేవాళ్లు తమకు గణనీయమైన అన్యాయం జరిగిందని చూపాలి. చట్టం తప్పని తేలడమొక్కటే చాలదు. తీర్పుల స్థిరత్వం కోసం ఈ గడప అవసరమని కోర్టులంటాయి. తప్పుడు సూత్రం కింద యౌవనం గడిపేసిన మనిషికి ఆ గడప ఎంత ఎత్తుగా కనిపిస్తుందో ఆలోచించకుండా ఉండలేను.

## తప్పించే కారణాలు, తగ్గించే కారణాలు

ఇక్కడా అదే పెనుగులాట. ఆత్మరక్షణలో, తన మీద దాడి జరుగుతోందని నిందితుడు నిజంగా నమ్మితే చాలు, ఆ నమ్మకం పొరపాటైనా సరే. అది అతని మనసు. వాడిన బలం మాత్రం, అతను నమ్మిన పరిస్థితికి తగినంతగా ఉందా అని బయటి కళ్లతో కొలుస్తారు. తాగినవాడికి ఈ వెసులుబాటు లేదు. మత్తులో పడ్డ పొరపాటు నమ్మకం పనికిరాదు. 1976 నాటి మజెవ్‌స్కీ తీర్పు ప్రకారం కొట్లాట లాంటి నేరాల్లో, తాగి ఉన్నాను కాబట్టి మనసులో ఏమీ లేదన్న వాదనా చెల్లదు. హత్య లాంటి ప్రత్యేక ఉద్దేశం కావలసిన నేరంలో మాత్రం మత్తు వల్ల ఉద్దేశమే కలగలేదని వాదించవచ్చు. తర్కానికి ఇది అతకదని పండితులు ఎప్పటినుంచో అంటున్నారు. తాగినవాళ్ల చేతుల్లో దెబ్బలు తినేవాళ్లకు రక్షణ కావాలన్నది కోర్టుల జవాబు.

బెదిరింపుకు లొంగి చేశానన్న వాదన హత్యకు చెల్లదని 1987లో తేల్చారు. ఆకలితో చస్తూ చంపామన్నదీ చెల్లదు. 1884లో మిగ్నొనెట్ అనే పడవ మునిగి, చిన్న బోటులో మూడు వారాలకు దగ్గరగా కొట్టుకుపోయిన నావికులు 17 ఏళ్ల కుర్రాణ్ని చంపి తిన్నారు. వారికి హత్యానేరం కింద మరణశిక్ష విధించి, తర్వాత ఆరు నెలల జైలుకు తగ్గించారు.

హత్యను మ్యాన్‌స్లాటర్‌కు దించే పాక్షిక కారణాలు రెండు ముఖ్యం. మానసిక స్థితి వల్ల బాధ్యత తగ్గడం ఒకటి, నిగ్రహం కోల్పోవడం ఒకటి. రెండోది ఎవరి అనుభవాన్ని కొలతగా పెట్టుకుందో పంజాబీ మహిళ కిరణ్‌జీత్ అహ్లువాలియా కేసు చూపించింది. ఏళ్ల తరబడి హింసించిన భర్త నిద్రపోతుండగా 1989లో ఆమె నిప్పంటించింది. అతను చనిపోయాడు, ఆమెకు హత్యానేరం కింద యావజ్జీవం పడింది. రెచ్చగొట్టినప్పుడు నిగ్రహం హఠాత్తుగా పోవాలని అప్పటి చట్టం. అప్పటికప్పుడు చేయెత్తే మగవాడి కోపానికి ఆ నిర్వచనం సరిపోయేది. ఏళ్లుగా లోలోపల పేరుకుని ఒకరోజు తెగిన ఆడదాని భయానికి సరిపోయేది కాదు. 1992లో అప్పీల్ కోర్టు మానసిక స్థితి ఆధారంగా పునర్విచారణకు ఆదేశించింది. మ్యాన్‌స్లాటర్ అంగీకారంతో, అప్పటికే గడిపిన జైలు కాలం సరిపోతుందని ఆమెను విడిచిపెట్టారు. 2009 చట్టం నిగ్రహం హఠాత్తుగానే పోవాలన్న నియమాన్ని తీసేసింది, తీవ్ర హింస జరుగుతుందన్న భయాన్ని కారణంగా చేర్చింది. అయితే అదే వయసు, అదే లింగం, మామూలు సహనం ఉన్న మనిషి ఆ పరిస్థితిలో అలా చేసి ఉండేవాడా అన్న కొలతనూ నిలబెట్టింది. సొంత మనసు, సగటు మనసు ఒకే సెక్షన్‌లో పక్కపక్కన కూర్చున్నాయి.

## ఇప్పుడు వాదం ఎక్కడ ఉంది

హత్యకు ఒకే పేరు, ఒకే తప్పనిసరి శిక్ష ఉండటమే ఇన్ని మెలికలకు కారణమని, చట్ట సంస్కరణలు సూచించే అక్కడి లా కమిషన్ 2006లోనే దాదాపు చెప్పేసింది. మొదటి తరగతి హత్య, రెండో తరగతి హత్య, మ్యాన్‌స్లాటర్ అని మూడు మెట్లు కట్టమంది. కాళ్లు విరగ్గొడదామని కొట్టగా మనిషి చనిపోయిన కేసు అప్పుడు రెండో మెట్టుకు దిగేది, శిక్ష జడ్జి విచక్షణకు వచ్చేది. ప్రభుత్వాలు ఆ మెట్ల పథకాన్ని అమలు చేయలేదు. యావజ్జీవం తప్పనిసరి కాకుండా పోతే ప్రాణానికి విలువ తగ్గినట్టు కనిపిస్తుందన్న భయం ఒకవైపు ఉంది. కసితో చంపినవాడినీ, కాలు విరగ్గొట్టబోయినవాడినీ ఒకే పేరుతో పిలవడం అన్యాయమన్న వాదన మరోవైపు ఉంది. 2024 డిసెంబరులో బ్రిటన్ ప్రభుత్వం నరహత్యా చట్టం మొత్తాన్ని మళ్లీ పరిశీలించమని లా కమిషన్‌నే కోరింది. ఆ పని ముగిసి పార్లమెంటు కదిలేదాకా, చంపాలని కోరుకోలేదు కానీ చావు తప్పదని తెలుసన్న కేసు వచ్చినప్పుడల్లా జ్యూరీ గదిలో 12 మంది వుల్లిన్ ప్రశ్ననే వేసుకుంటారు: ఫలితం దాదాపు ఖాయమా? ఆ సంగతి ఆ మనిషికి తెలుసా?